అక్షరమూ కూలీ

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు పెనుకొండలో పగలు పిల్లలకూ రాత్రి కూలీలకూ చదువు చెప్పినవారు. ఆయన్ను పొగడడం కన్నా ఆయన పనిని లెక్కకట్టి చూడడం మేలనుకున్నాను. పెద్దవయసులో నాలుగక్షరాలు వస్తే కూలి పెరుగుతుందా?

అక్షరం ఒక్కటే కూలిని పెంచదు. వచ్చిన కూలి చేజారకుండా కాపాడుతుంది. ఇదీ తక్కువేం కాదు.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి తెలిసిందే. అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకు కూర్చున్న ఆడవాళ్లే సారా అంగడి మూయించడానికి లేచారు. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. మగవాళ్ల రోజుకూలి దానివల్లేమీ పెరగలేదు. అది ఇంటికి చేరడం మొదలైంది.

ఇక మన సీమకు వస్తాను. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పథకం కింద చేసే మట్టిపనిలో కూలి లెక్క తవ్విన గుంత కొలతను బట్టి ఉండేది. పొడవు, వెడల్పు, లోతు గుణించడం వచ్చినవాడు “ఇంత తవ్వితే ఇంతేనా?” అని నిలదీయగలడు. రానివాడు తన పాస్‌బుక్కులో ఎంత పడిందో ఇంకొకరిని అడగాలి, అడిగినందుకు టీ ఇప్పించాలి కూడా!

ధర్మవరం మగ్గం మీద కూలి చీర లెక్కన. పడుగు, పేక, జరీ గురించి నేతగాడికి మనం నేర్పేదేముంది? కానీ అతను తీసుకున్న అడ్వాన్సు, అతనికి ఇచ్చిన పట్టు తూకం, చీర చీరకూ పట్టుకున్న సొమ్ము యజమాని పుస్తకంలోనే ఉంటే ఆ బాకీ ఎప్పటికీ తీరదు. రెండో పుస్తకం నేతగాడి ఇంట్లో ఉండాలి.

అంతకుమించి ఎదగాలంటే మాత్రం సంతకం చాలదు. 2017లో కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరి, 2019లో మన పెనుకొండ దగ్గరి ఎర్రమంచి నుంచి కార్లు బయటికొచ్చాయి. నలభై ఏళ్ల కూలీని సంతకం ఒక్కటే ఆ ఫ్యాక్టరీ లైను మీదికి చేర్చదు. దానికి పనితనం నేర్పే చదువు కావాలి. యునెస్కో 1967 నుంచి 1973 దాకా 11 దేశాల్లో చదువును పనితో ముడిపెట్టి ప్రయోగాలు చేసింది. ఆ తర్వాత మనం సంతకాలు లెక్కపెట్టుకుని తృప్తిపడ్డాం. 2011 జనగణన నాటికి అనంతపురం జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం. 2009లో మొదలైన వయోజన విద్యా పథకం సాక్షర భారత్ కాస్తా 2018లో ఆగిపోయింది.

ఈ సభలో రిటైరైన ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీ వీధిలో రాత్రిబడి తెరవండి. షిఫ్టు దిగేవాళ్లకూ మగ్గం దిగేవాళ్లకూ వీలైన వేళ పెట్టండి. మొదటి పాఠం కూలి చీటీతో మొదలుపెట్టండి, ‘అ ఆ’లు దాని వెనక వస్తాయి.