సాయం కోసం బిడ్డ ఇల్లు విడవాలా?

(ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను చేరదీసిన బంధువులకు చట్టరీత్యా అందవలసిన ఆర్థిక సాయం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. చట్టాల ప్రస్తావన రాగానే వెనుక వరుసల్లోని అమ్మలకు కునుకు పట్టడం నేను చూస్తూనే ఉంటాను. అందువల్ల సెక్షన్ల జోలికి పోయే ముందు ఒక నానీ సంగతి చెబుతాను.

ఆమెది నిజామాబాదు వైపు పల్లె. అరవై ఏళ్లు దాటాయి. బీడీలు చుట్టి బతుకుతుంది. కూతురు రెండవ కాన్పులో కన్నుమూసింది. లారీ నడిపే అల్లుడు కొన్నేళ్లకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. మిగిలిన పిల్లలు ఇద్దరు. అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. వాళ్ల దాదా అంతకుముందే మరణించాడు. చాచా గల్ఫ్‌లో ఉన్నాడు. కొంతకాలం ఎంతో కొంత పంపాడు, తరువాత అతని కష్టాలు అతనికే సరిపోయాయి. అప్పుడు బంధువులందరూ కూర్చుని, అమ్మాయిని పట్నంలో యతీమ్‌ఖానాకు, అబ్బాయిని వేరే ఊరిలోని మదరసా హాస్టలుకు పంపాలని తీర్మానించారు. ఎవరూ చెడ్డ మనసుతో చెప్పలేదు. ఆ నానీ నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగింది: “బేటా, పిల్లలు అక్కడికి పోతే తిండి వస్తుంది, బట్ట వస్తుంది, చదువు వస్తుంది అంటున్నారు. నా దగ్గర ఉంటే ఒక్క పైసా రాదంటున్నారు. నా ఇల్లు ఏం తప్పు చేసింది?”

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం. డబ్బు ఉన్న చోటికి బిడ్డ వెళ్లాలా, బిడ్డ ఉన్న చోటికి డబ్బు రావాలా?

మన ధర్మంలో ఈ విషయానికి మొదటి ఉదాహరణ దైవప్రవక్త (సఅసం) జీవితమే. పుట్టకముందే తండ్రి లేడు. ఆరేళ్ల వయసులో తల్లి ఆమినా మరణించారు. దాదా అబ్దుల్ ముత్తలిబ్ చేరదీశారు. ఎనిమిదేళ్లకు ఆయన కూడా పోయారు. ఆ తరువాత చాచా అబూ తాలిబ్ ఇంట పెరిగారు. అబూ తాలిబ్ ధనవంతుడు కాడు, పెద్ద సంసారం కలవాడు. తరువాతి కాలంలో కరువు వచ్చినప్పుడు ఆయన భారం తగ్గించడానికి అలీని ప్రవక్త (సఅసం), జాఫర్‌ను అబ్బాస్ తమ ఇళ్లకు తీసుకువెళ్లి పెంచారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. గమనించండి. బిడ్డను సాకిన ఇంటి వైపు ఇతర ఇళ్లు నడిచి వచ్చాయి. బరువు పంచుకున్నారు, కానీ పిల్లలను రక్తసంబంధం దాటి పంపలేదు.

ఇప్పుడు మన దేశపు చట్టం సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 45వ సెక్షన్ స్పాన్సర్‌షిప్ గురించి చెబుతుంది. కుటుంబంలోనే బిడ్డను ఉంచి, వైద్యం, పోషణ, చదువు తదితర అవసరాలకు ప్రభుత్వం ఇచ్చే అనుబంధ సాయం అది. ఎవరికి ఇవ్వాలో కూడా ఆ సెక్షన్ చెప్పింది. తల్లి వితంతువైనా, విడాకులు పొందినా, కుటుంబం వదిలేసినా ఇవ్వవచ్చు. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధి బారిన పడినా, ప్రమాదం వల్ల బిడ్డను సాకలేని స్థితికి చేరినా ఇవ్వవచ్చు. ఇక మన నానీకి కావలసిన మాట: అనాథలై విస్తృత కుటుంబంతో కలిసి జీవిస్తున్న పిల్లలు. నానీ, దాదీ, ఖాలా, మామూ, చాచా, ఫూఫీ అందరూ ఆ ఒక్క మాటలోకి వస్తారు. కోర్టు ఉత్తర్వు తెచ్చినవారికే అని ఆ సెక్షన్‌లో లేదు. బిడ్డ వారితో జీవిస్తూ ఉండాలి, అంతే.

ఈ సాయం కేంద్రప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం ద్వారా వస్తుంది. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్క బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. అంతకుముందు 2,000 ఉండేది. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. అక్కడి ఆమోద కమిటీ పరిశీలిస్తుంది. స్పాన్సర్‌షిప్ ఉత్తర్వు ఇచ్చే అధికారం జిల్లాలోని బాలల సంక్షేమ సమితికి కూడా ఉంది. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయవచ్చు. ఈ పథకానికి మతంతో నిమిత్తం లేదు. మైనారిటీ సంక్షేమ శాఖ చుట్టూ తిరిగి, అక్కడ లేదని తెలుసుకొని వెనక్కి వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. ఇది ఆ శాఖది కాదు, మహిళా శిశు సంక్షేమ శాఖది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఆదాయ పరిమితి దగ్గర మొదలవుతుంది. గ్రామంలో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు దాటరాదు. పల్లెలో నెలకు 6,000 అన్నమాట. నెలకు 25 రోజులు పనికి వెళ్లే మామూ రోజుకు 240 రూపాయలు సంపాదిస్తే గీత దగ్గరికి వచ్చేశాడు. 250 సంపాదిస్తే దాటేశాడు. తన పిల్లలు ముగ్గురు ఉండగా చెల్లెలి పిల్లలిద్దరిని చేరదీసిన మనిషిని, కాస్త ఒళ్లు వంచి కష్టపడ్డందుకు, సాయానికి అనర్హుడిని చేసే లెక్క ఇది. ఇంట్లో తినే నోళ్ల సంఖ్యను ఆ పరిమితి చూడదు. మనం ప్రభుత్వాన్ని అడగవలసిన మొదటి సంగతి నా దృష్టిలో ఇదే: బంధువుల ఇంట పెరుగుతున్న అనాథల విషయంలో చూడవలసింది బిడ్డకు ఏముందో గాని, చేరదీసినవారికి ఏముందో కాదు.

రెండవ చిక్కు కాగితాలది. తల్లిదండ్రులిద్దరి మరణ ధ్రువపత్రాలు, బిడ్డ జనన ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి. మన ఇళ్లలో మరణ ధ్రువపత్రం దగ్గరే సగం మంది ఆగిపోతారు. జనాజా నమాజు జరుగుతుంది, దఫన్ జరుగుతుంది, పంచాయతీలో మాత్రం నమోదు జరగదు. ఒక పత్రంలో షేక్, ఒక పత్రంలో షేక్ లేకుండా పేరు, బడిలో మరొక విధంగా పేరు. దీనికి ప్రభుత్వాన్ని తిట్టి లాభం లేదు. మన మస్జిదు కమిటీలు ఖబరస్తాన్ రిజిస్టరు రాసే రోజే మరణ నమోదు కూడా చేయించే అలవాటు పెడితే చాలా ఇళ్లు గట్టెక్కుతాయి.

మూడవ చిక్కు అన్నిటికంటే లోతైనది. చట్టరీత్యా సంరక్షకులు ఎవరు? నానీ బ్యాంకుకు వెళితే “నువ్వు గార్డియన్‌వా?” అని అడుగుతారు. బిడ్డను పెంచుతున్నాను కదా అని ఆమె అంటుంది. రెండూ ఒకటి కావు. మన షరీఅత్‌లో బిడ్డను సాకే హక్కును హిజానత్ అంటాము, బిడ్డ ఆస్తిపై అధికారాన్ని విలాయత్ అంటాము. హనఫీ మతం ప్రకారం అబ్బాయికి ఏడేళ్ల వరకు, అమ్మాయి యుక్తవయసు వచ్చేవరకు హిజానత్ తల్లిది. తల్లి లేకపోతే నానీది, ఆ తరువాత దాదీది. విలాయత్ మాత్రం తండ్రికి, తండ్రి వీలునామా ద్వారా నియమించిన వ్యక్తికి, దాదాకు, దాదా నియమించిన వ్యక్తికి చెందుతుంది. ఈ నలుగురిలో ఎవరూ లేకపోతే చాచా అయినా, మామూ అయినా, చివరకు కన్నతల్లి అయినా తమంతట తాము బిడ్డ ఆస్తికి సంరక్షకులు కాలేరు. 1918లో ఇమాంబందీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఈ మాటే చెప్పింది. తల్లి అమ్మిన మైనరు ఆస్తి అమ్మకం చెల్లదని తేల్చింది.

మన నానీ సంగతిలో అల్లుడి ప్రమాదానికి వచ్చిన పరిహారం పిల్లల పేరిట బ్యాంకు డిపాజిట్‌లో ఉంది. పిల్లలు మేజర్లయ్యేవరకు అది అక్కడే ఉంటుంది. అమ్మాయి బడి ఫీజుకు దాని వడ్డీ కావాలన్నా ఉత్తర్వు కావాలి. అంటే లెక్కప్రకారం ఆ పిల్లలు డబ్బున్నవాళ్లు, ఇంట్లో మాత్రం పొయ్యి వెలగదు.

అందుకు మార్గం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతపు జిల్లా కోర్టులో గాని, ఫ్యామిలీ కోర్టులో గాని బంధువు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. బిడ్డ వయసు, మతం, దరఖాస్తుదారు గుణం, స్తోమత, రక్తసంబంధంలోని సాన్నిహిత్యం, అన్నిటికీ మించి బిడ్డ సంక్షేమం కోర్టు చూస్తుంది. ఉత్తర్వు వచ్చాక కూడా కోర్టు అనుమతి లేకుండా బిడ్డ స్థలం, ఇల్లు అమ్మడానికి వీలులేదు. లాయరు ఖర్చుకు భయపడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది.

ఈ చట్టం 22వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. నియమితుడైన సంరక్షకుని శ్రమకు కోర్టు తగినదని భావిస్తే భత్యం మంజూరు చేయవచ్చు. కొందరు పెద్దలు దీన్ని తప్పుపడతారు, యతీమ్ సొమ్ము ముట్టడం హరామ్ కదా అంటారు. అన్యాయంగా తినడం నిస్సందేహంగా ఘోర పాపం. అయితే సూరా అన్నిసా ఆరవ ఆయతు ఒకసారి చదవండి. కలిగిన సంరక్షకుడు యతీమ్ సొమ్ముకు దూరంగా ఉండాలని, పేద సంరక్షకుడు న్యాయసమ్మతమైన మేరకు తీసుకోవచ్చని, ఆస్తి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలని దాని భావం. పేదవాడు సిగ్గుపడకుండా తీసుకునే దారి కూడా, లెక్క చూపించే బాధ్యత కూడా ఆ ఆయతులోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. బాలల న్యాయ చట్టం తన రెండవ సెక్షన్‌లో అనాథ అంటే కన్న తల్లిదండ్రులు గాని, దత్తత తల్లిదండ్రులు గాని, చట్టబద్ధ సంరక్షకుడు గాని లేని బిడ్డ అన్నది. మరి నానీ కష్టపడి కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే, ఇప్పుడు సంరక్షకురాలు ఉంది గనుక బిడ్డ అనాథ కాదని ఒక గుమాస్తా అనవచ్చు. దానికి జవాబు ఆ నిర్వచనంలోనే ఉంది: సంరక్షకుడు సాకగలిగే స్థితిలో లేకపోయినా ఆ బిడ్డ అనాథే. దరఖాస్తులో ఆ వాక్యాన్ని ఎత్తిచూపండి. అయినా పేదరికాన్ని చేతకానితనంగా రాసుకుంటే తప్ప సాయం రాని పరిస్థితి నాకు నచ్చదు. సంరక్షక ఉత్తర్వు పొందిన బంధువుకు సాయం కొనసాగుతుందని నియమాల్లో స్పష్టంగా రాయాలి.

తండ్రి చనిపోయి తల్లి మళ్లీ నికాహ్ చేసుకున్న పిల్లల పరిస్థితి ఇంకా ఇరుకైనది. మనలో ఇది అరుదు కాదు, తప్పు అంతకన్నా కాదు. వితంతు పునర్వివాహం సున్నత్. కానీ ఆ బిడ్డ నానీ దగ్గరో దాదీ దగ్గరో మిగిలిపోతాడు. తల్లి వితంతువు కాదు, బిడ్డ అనాథ కాదు. 45వ సెక్షన్ చెప్పిన వర్గాల్లో అతడు స్పష్టంగా ఎక్కడా ఇమడడు. గుజరాత్‌లో పాలక్ మాతాపితా పథకం ఇటువంటి బిడ్డను కూడా లెక్కలోకి తీసుకొని, పెంచుతున్న బంధువుకు నెలకు 3,000 రూపాయలు ఇస్తోంది. రాజస్థాన్‌లో 2005లో మొదలైన పాలన్‌హార్ పథకం మొదట షెడ్యూల్డు కులాల అనాథలకే ఉండేది. తరువాత అందరికీ విస్తరించింది, పునర్వివాహం చేసుకున్న వితంతువుల పిల్లలను కూడా చేర్చింది. అక్కడ సాధ్యమైనది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందుకు సాధ్యం కాదు? కోవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. మంచి పనే. అయితే కాన్పులో పోయిన తల్లికీ, లారీ కింద పోయిన తండ్రికీ పుట్టిన బిడ్డ ఆకలి వేరుగా ఉండదు.

ఇక మన వంతు. ఈ మాటలు కొందరికి కటువుగా ఉండవచ్చు. రంజాన్‌లో మన జకాత్‌లో పెద్ద భాగం సంస్థలకు పోతుంది. యతీమ్‌ఖానాలు అవసరమే, ఎవరూ లేని బిడ్డకు అదే ఇల్లు. బాలల న్యాయ చట్టం కింద వాటి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని కూడా గుర్తుచేస్తున్నాను. కానీ నానీ ఉన్న బిడ్డను, కేవలం బియ్యం లేనందుకు, అక్కడ చేర్చి మనం రసీదు తీసుకుంటున్నాము. జకాత్‌కు అర్హులైన పేద నానీకి ఆ సొమ్ము నెలనెలా ఇంటికే ఇస్తే ఏ ఫిక్హ్ అడ్డువస్తుంది? నానీ తన జకాత్‌ను మనవడికి ఇవ్వకూడదు గాని, అర్హుడైన అన్న కొడుక్కి చాచా ఇవ్వవచ్చు, ఇరుగుపొరుగు ఇవ్వవచ్చు. ఉలమాలను అడిగి నిర్ధారించుకోండి. ఇప్పటికే సంస్థల్లో ఉన్న పిల్లలను ఇంటికి తెచ్చుకోవడానికి కూడా స్పాన్సర్‌షిప్ వర్తిస్తుందని వారి నిర్వాహకులు బంధువులకు చెప్పాలి.

దాదాలు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. మీ కొడుకు మీకంటే ముందే పోతే, మిగిలిన కొడుకులు ఉండగా అతని పిల్లలకు మీ ఆస్తిలో వారసత్వం రాదు. కానీ వారసులు కానివారికి మూడవ వంతు వరకు వసీయత్ రాసే అధికారం మీకు ఉంది. ఆ పిల్లలు ఈ రోజు మీ పళ్లెంలోనే తింటున్నారు. మీ తరువాత ఆ పళ్లెం ఎవరిదో మీరే రాయాలి, ఊపిరి ఉండగానే.

నానీ ఏమైందని అడుగుతారు. అమ్మాయికి స్పాన్సర్‌షిప్ మంజూరైంది. అబ్బాయి పేరు జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉన్నందున ఫైలు వెనక్కి వచ్చింది, సవరణ జరుగుతోంది. కోర్టులో దరఖాస్తు విచారణలో ఉంది. పిల్లలిద్దరూ ఆమె దగ్గరే ఉన్నారు.

వెనుక ద్వారం పక్కన ఉన్న బల్ల మీద దరఖాస్తు నమూనాలు పెట్టాము. జొహర్ నమాజు తరువాత అసర్ వరకు మేము అక్కడే కూర్చుంటాము. ఇంట్లో యతీమ్ ఉన్నవారు ఉన్న కాగితాలే తీసుకురండి, లేనివాటి జాబితా కలిసి రాసుకుందాము. చదువుకున్న యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క అమ్మ పక్కన కూర్చోండి. ఫారం నింపేటప్పుడు బిడ్డ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి రాయండి.