మన రాతకు ఒక చిరునామా



ఈనాటి ప్రసంగాన్ని ఒక కర్రతో మొదలుపెడతాను. మన రాయ్‌పూర్ కర్కాటక రేఖకు దక్షిణాన, ఇంచుమించు 21.25 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే చివరి వారంలోనూ జులై మధ్యలోనూ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. జులైలో మబ్బులు చూడనివ్వవు కాబట్టి మనకు మే నెలే దిక్కు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఒక మే నెలలో పెరట్లో కర్ర పాతి రోజూ నీడ కొలిచింది. వాళ్లది రైల్వే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఆ కొలతలను విజయనగరంలో ఉన్న అమ్మమ్మకు కబురు చెబుతున్నట్టు తెలుగులో రాసి ఒక సోషల్ మీడియా ఖాతాలో పెట్టేది. మొదటి రోజు పేజీడు రాసింది. ఇద్దరు చూశారు. కర్ర పక్కన నిలబడి ఫోటో పెట్టిన రోజున అరవైమంది మెచ్చుకున్నారు. వారం తిరిగేసరికి కొలతలు ఆగిపోయాయి, అమ్మమ్మ ఊసు లేదు, ఫోటోలే మిగిలాయి. నన్ను బాధపెట్టింది ఇదే. ఆ పిల్లకు రాయడం చేతకాక కాదు. మెచ్చుకోళ్ల లెక్క కళ్లెదుట కనబడుతుంటే చెయ్యి అటే పోతుంది. నాకైనా అంతే.

సోషల్ మీడియాలో మన రాత ఎవరికి, ఏ వరుసలో కనబడాలో చాలావరకు ఆ సంస్థ ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. బ్లాగులో టపాలు తేదీల వారీగా ఉంటాయి, ప్రతి టపాకు విడిగా ఒక చిరునామా ఉంటుంది. మే 3 నాటి నీడను మే 27 నాటి నీడతో పోల్చాలంటే కావలసింది అదే. వెబ్‌లాగ్ అనే మాట 1997లో పుట్టింది. ఓడల్లో రోజువారీ వివరాలు రాసుకునే లాగ్ పుస్తకమే దానికి మూలం.

2000ల మధ్యలో తెలుగువాళ్లు వీవెన్ రూపొందించిన లేఖినిలో ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు టైపు చేసి, వంటలూ ప్రయాణాలూ చిన్ననాటి ఊళ్లూ తమ బ్లాగుల్లో రాసుకున్నారు. కొత్త టపాలను కూడలి ఒకచోట చూపించేది. పత్రికల్లో అచ్చుకు నోచుకోని రాతలు చాలా అక్కడ చదివాను. కొన్ని నోచుకోకపోవడమే మంచిదనిపించింది, అది వేరే సంగతి.

బ్లాగు శాశ్వతమని నేను చెప్పను. 2004లో వచ్చిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఉచితంగా దొరికే బ్లాగూ ఎవరో ఒకరి కంప్యూటర్లోనే ఉంటుంది. నెలకొకసారి మీ టపాలన్నిటికీ ఒక ప్రతి దించుకొని దాచుకోండి.

ఆ అమ్మాయి మరుసటి మే నెలలో బ్లాగు తెరిచి, మళ్లీ కర్ర పాతింది. చదివినవాళ్లు పదిమంది కూడా లేరు. అందులో అమ్మమ్మగారి పక్కింటి కుర్రాడొకడు, విజయనగరంలో తమ కర్ర నీడ మే రెండో వారంలోనే మాయమైందనీ, మీకు ఇంకా ఎందుకు కనబడుతోందనీ అడిగాడు. ఆమె తర్వాతి టపా మూడు పేజీలు వచ్చింది.