ఋణవిమోచనము - ఋణచరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఇట్టి వేదికపై బాకీల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. అక్షరములు నేర్చినవాడు మొట్టమొదట చదువవలసినది తాను చేవ్రాలు చేయు కాగితము. పద్యము నర్థము చేసికొనలేకున్న నొక యానందము తప్పిపోవును. ఋణపత్రము నర్థము చేసికొనలేకున్న పొలమే తప్పిపోవును. కావున బాకీ తీర్చుటకు బ్యాంకుతో చేసికొను ఒప్పందములు మనుష్యుని ఋణచరిత్రపై నెట్టి ముద్ర వేయునో, అదియే నేటి విషయము.

ఋణవ్యవహారము మన పూర్వులకు క్రొత్తది కాదు. మనుస్మృతియందు చెప్పబడిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము. యాజ్ఞవల్క్యస్మృతి అప్పు తీర్చు పద్ధతిని గూర్చి మూడు కట్టుబాట్లు చెప్పినది. ఒక్కమారుగ తీర్పలేనివాడు కొంచెము కొంచెముగ నిచ్చునపుడెల్ల ఆ మొత్తమును పత్రము వీపున వ్రాయవలయును. లేదా ఋణదాత తన చేవ్రాలుతో రసీదు నీయవలయును. పూర్తిగ తీరినపిదప పత్రమును చించివేయవలయును, లేదా ఋణము తీరినదని వేఱొక శుద్ధిపత్రము వ్రాయించుకొనవలయును. సాక్షులయెదుట పుచ్చుకొన్నది సాక్షులయెదుటనే తీర్పవలయును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తెనుగువాని కీ ధర్మము ఏడువందల యేండ్లకు పైబడి తన భాషలోనే యున్నది.

గ్రామములలో ప్రోనోటు వెనుక చెల్లు వ్రాయు ఆచారమును ఇదియే. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, గడువు దాటకముందే బాకీదారు కొంత సొమ్ము చెల్లించి చేవ్రాలుతో చెల్లు వ్రాసినచో, ఆ నాటినుండి మరల మూడేండ్లు లెక్కింపబడును. నోటు ముందువైపు చూచిన ఎంత పుచ్చుకొన్నాడో తెలియును. వెనుకవైపు చూచిన ఎట్టివాడో తెలియును. అయితే నాడు ఆ వెనుకవైపు చూచువారు ఇద్దరే: ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును. నోటు చించివేసిననాడు ఆ చరిత్రయు చినిగిపోయెడిది.

నేడట్లు కాదు. నోటు వెనుకవైపు ఇప్పుడు బ్యాంకు పెట్టెలో లేదు. దేశమందలి ఋణసంస్థలన్నియు చూడగల చోట నున్నది. 2000 సంవత్సరమున సిబిల్ అను సంస్థ స్థాపింపబడినది. 2005లో పార్లమెంటు ఋణసమాచార సంస్థల చట్టము చేసినది. ఇప్పుడు దేశమున నిట్టి సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఋణమిచ్చు ప్రతి సంస్థయు ఈ నాలుగింటను సభ్యత్వము పొందవలయునని 2015లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఎవరు ఎంత పుచ్చుకొనిరి, ఏ వాయిదా ఎన్నిదినములు ఆలస్యమైనది, ఖాతా యెట్లు ముగిసినది అను వివరములు వానికి చేరుచుండును. నెలకొకసారి చేరుచుండిన ఈ లెక్కలను పక్షమునకొకసారి పంపవలయునను నియమము 2025 జనవరి 1 నుండి వచ్చినది. ఆ సమాచారమును కనీసము ఏడేండ్లు భద్రపరుపవలయునని నిబంధన. దానినిబట్టి 300 మొదలు 900 వరకు నొక అంకె కట్టుదురు. దానినే జనులు సిబిల్ స్కోరందురు.

ఇక బాకీ తీర్చు ఒప్పందముల సంగతి. "బ్యాంకువారితో మాటలాడి సర్దుబాటు చేసికొంటిని" అని జనులు చెప్పుచుందురు. ఆ సర్దుబాటను మాటలో మూడు వేర్వేరు సంగతులు దాగియున్నవి. ఋణచరిత్రయందు మూటికిని మూడు వేర్వేరు పేర్లు.

మొదటిది గడువు మార్చుట. అసలును వడ్డీయు పూర్తిగ చెల్లింతునని యొప్పుకొని, కాలము మాత్రము పెంచుకొనుట. ఇందులో ప్రకృతి వైపరీత్యముచే పంట పోయినవారి విషయము వేఱు. ప్రభుత్వము ఆ ప్రాంతమును వైపరీత్యపీడితమని ప్రకటించి, పంటనష్టము 33 శాతము మొదలు 50 శాతములోపు నున్నచో రెండేండ్లవరకును, 50 శాతమో అంతకు మించియో యున్నచో ఐదేండ్లవరకును స్వల్పకాలిక పంటఋణమునకు గడువు పెంచవచ్చునని 2018 నాటి రిజర్వు బ్యాంకు మార్గదర్శకములు చెప్పినవి. ఇందులో మొదటి యేడాది చెల్లింపు లేని విరామము. ఇట్లు మార్చిన ఖాతాను మొండిబాకీగ నెంచరు. సిబిల్ నివేదికయందు దీనికి ప్రకృతి వైపరీత్యమువలన గడువు మార్చబడినదను ప్రత్యేకమగు గుర్తు కలదు. అట్టి కారణము లేక, చెల్లింపలేని కష్టముచే గడువు మార్చుకొన్న ఇతర ఋణములు మాత్రము సామాన్యముగ వెంటనే మొండిబాకీల తరగతికి దిగును. క్రొత్త వాయిదాలను నిర్ణీతకాలము తప్పక చెల్లించిన పిమ్మటనే మరల పైకెక్కును.

ఈ భేదము కోవిడ్ కాలమున స్పష్టముగ కనబడినది. 2020 మార్చి 1 మొదలు ఆగస్టు 31 వరకు వాయిదాలకు రిజర్వు బ్యాంకు అనుమతించిన విరామము ఋణచరిత్రకు హాని చేయరాదని ఆదేశము. అదే సంవత్సరము ఆగస్టు 6న ప్రకటించిన పరిష్కార పథకము క్రింద గడువు మార్చుకొన్నవారి ఖాతాపై మాత్రము గడువు మార్చబడినదను గుర్తు పడినది. రెంటిని గూర్చియు జనులు "బ్యాంకువారు గడువిచ్చిరి" అనియే చెప్పుకొనిరి. నివేదికలో ఒకటి మచ్చలేనిది, రెండవది మచ్చగలది.

రెండవది రాజీ. వచ్చినంత పుచ్చుకొని మిగిలినది బ్యాంకు వదలివేయుట. దీనినే ఏకకాల పరిష్కారమనియు, ఓటీఎస్ అనియు వ్యవహరింతురు. నివేదికలో ఈ ఖాతా "క్లోజ్డ్" అనగా పూర్తిగ తీరినదిగ కనబడదు. "సెటిల్డ్" అని కనబడును. లోక్ అదాలతులో కుదిరిన రాజీయైనను ఇంతే. అచటి తీర్పునకు అప్పీలు లేదు, దావా సమసిపోవును. అయినను తక్కువ సొమ్మునకు ఖాతా ముగిసినదను సంగతి చెరగదు. 2023 జూన్ 8 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలనుబట్టి, రాజీపడినవానికి ఆ బ్యాంకు మరల ఋణమిచ్చుటకు వ్యవసాయేతర ఋణములలో కనీసము 12 నెలలు ఆగవలయును. వ్యవసాయ ఋణములకు ఆ గడువును బ్యాంకు పాలకవర్గమే నిర్ణయించును.

మూడవది రైటాఫ్. బాకీదారు మాటలాడడు, బ్యాంకు తన లెక్కలలో ఆ మొత్తమును నష్టముగ వ్రాసికొనును. ఇది మాఫీయని పెక్కుమంది భ్రమ. బాకీ బాకీగనే యుండును, వసూలు హక్కును ఉండును. చరిత్రయందు అన్నిటికంటె చెడ్డ గుర్తులలో నిది యొకటి.

ప్రభుత్వము ప్రకటించు ఋణమాఫీ ఈ మూటిలోను చేరదు. 2014లో ఉభయ తెలుగు రాష్ట్రములలోను మాఫీ ప్రకటింపబడి సొమ్ము విడతలుగ వచ్చినది. విడతల నడుమ మిగిలిన బాకీపై వడ్డీ యాగలేదు. మాఫీ వార్త విన్నంత మాత్రమున వాయిదా నిలుపరాదని ఆ యనుభవము నేర్పినది.

లెక్కవేసి చూచిన సంగతి తేటపడును. ఇద్దరు రైతులు చెరియొక లక్ష రూపాయలు పంటఋణము పుచ్చుకొనిరనుకొందము. తుపానులో ఇరువురికిని సగమునకు మించి పంట పోయినది. మొదటివాడు వెంటనే బ్యాంకునకు పోయి, ఐదేండ్ల గడువు వ్రాయించుకొనెను. మొదటి యేడు విరామము, పిదప నాలుగేండ్లు ఏటేట 25,000 రూపాయల అసలును, దానిపై వడ్డీయు కట్టెను. రెండవవాడు "వారే వత్తురు" అని యూరకుండెను. కొన్నేండ్లకు బాకీ 1,30,000 అయినది. 60,000 కట్టి రాజీపడెను. 70,000 లాభించితినని సంతసించెను.

తరువాత ఇరువురి బిడ్డలకును పెద్దచదువు. చెరి రెండు లక్షలు కావలసివచ్చినది. చదువు ఋణమున తండ్రియు చేవ్రాలు చేయవలయును గనుక బ్యాంకు తండ్రి చరిత్రను చూచును. మొదటివానికి నూటికి పదునొకండు చొప్పున ఋణము దొరికినదనుకొన్న, ఏడాదికి వడ్డీ 22,000. రెండవవానికి బ్యాంకు లేదనినది. అతడు ఊరిలో నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి పుచ్చుకొనెను. ఏడాదికి 72,000. భేదము 50,000. పదునేడు నెలలు తిరుగకముందే రాజీలో మిగిలిన 70,000 వడ్డీక్రింద కరిగిపోవును. ఆ పైనిది యంతయు నష్టమే. తండ్రి రాజీపడిన కాగితమునకు బిడ్డ చదువు మూల్యమైనది.

హరిశ్చంద్రోపాఖ్యానము నెఱుగనివారు తెనుగునాట అరుదు. విశ్వామిత్రునకు బాకీపడిన ఆ రాజు తగ్గింపు కోరలేదు, గడువు కోరెను. నక్షత్రకుడు వెంటబడి వేధించినను మొగము చాటుచేయలేదు. ఇది యెల్లరకు నాదర్శము కావచ్చును గాని, ఎల్లరును ఆలుబిడ్డల నమ్ముకొని బాకీ తీర్పవలయునని దాని తాత్పర్యము కాదు. ఏ దారియు లేనివానికి రాజీ చట్టసమ్మతమైన మార్గము. అందు సిగ్గుపడవలసినది లేదు. బాకీకి భయపడి ప్రాణము తీసికొన్న రైతుల కథలు ఈ రాష్ట్రములు మిక్కిలి వినియున్నవి. స్కోరు అనునది 300కు 900కు నడుమ నొక అంకె. అది పడును, మరల లేచును. పోయిన ప్రాణము లేవదు. కట్టగలవాడు తగ్గింపునకు ఆశపడి రాజీపడుట తప్పు. కట్టలేనివాడు రాజీపడక అధికవడ్డీ యప్పుతో బ్యాంకు అప్పు తీర్చుట అంతకంటె పెద్ద తప్పు.

కావున ఋణగ్రస్తుడైన ప్రతివాడును గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు.

ఒకటి: వాయిదా తప్పకముందే బ్యాంకునకు పోవలయును. సామాన్యఋణము 90 దినములు దాటిన మొండిబాకీ యగును. స్వల్పకాలిక పంటల ఋణమునకు రెండు పంటకాలములును, దీర్ఘకాలిక పంటల ఋణమునకు ఒక పంటకాలమును మితి. ఆ మితి దాటినపిదప బేరమాడు బలము తగ్గును.

రెండు: మాట నమ్మరాదు, కాగితము పుచ్చుకొనవలయును. ఒప్పందమున ఖాతా యే పేర ముగియునో అడిగి తెలిసికొనవలయును. రాజీపడినవాడు తరువాత చేతికి సొమ్ము వచ్చినపుడు మిగిలిన మొత్తము కట్టి, బ్యాంకు సమ్మతితో "సెటిల్డ్" అనుదానిని "క్లోజ్డ్"గ మార్పించుకొనవచ్చును.

మూడు: బాకీ తీరినపిదప బాకీ లేదను ధ్రువపత్రము తప్పక పుచ్చుకొనవలయును. యాజ్ఞవల్క్యుడు చెప్పిన శుద్ధిపత్రమిదియే.

నాలుగు: ఇతరులకు జామీనుండునపుడు ఆ బాకీ తన చరిత్రలోను కనబడునని యెఱుగవలయును. అసలువాడు తప్పిన మచ్చ ఇరువురికిని పడును.

ఐదు: ఏటేట తన నివేదిక తాను చూచుకొనవలయును. 2017 నుండి నాలుగు సంస్థలును సంవత్సరమునకొకసారి పూర్తి నివేదికను ఉచితముగ నీయవలసియున్నది. తీర్చిన బాకీ తీరనట్లు, చేయని యప్పు చేసినట్లు అందు కనబడిన ఫిర్యాదు చేయవలయును. 30 దినములలో సరిచేయనిచో, ఆపైని ప్రతి దినమునకు 100 రూపాయలు పరిహారమను నియమము 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది.

ఈ పనులలో చదువు లేనివాడు చేయగలిగినది స్వల్పము. ఇచటనే గ్రంథాలయము అక్కఱకు వచ్చును. వార్తాపత్రికలు చదివి వినిపించుట మన గ్రంథాలయోద్యమపు తొలినాటి సంప్రదాయము. అట్లే ఏడాదికొకనాడు చందాదారులలోని యువకులు కూర్చుండి, అడిగిన ప్రతి గ్రామస్థునికి వాని నివేదికను తెప్పించి చదివి చెప్పిన, ఆ ఒక్కదినమువలన ఎన్ని పొలములు నిలుచునో, ఎందరు బిడ్డల చదువులు సాగునో! ఒకరి నివేదిక మరియొకరి చెవిని పడకుండ జాగ్రత్త వహించుటయు వారి ధర్మమే.

పాతికేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఇట్టి సేవతో స్వర్ణోత్సవము జరుపుకొనుగాక! గ్రామమున ప్రతి యింట బాకీ లేదను కాగితము భద్రముగ నుండుగాక! అందరికిని శుభమగుగాక!