పోయే దారి, వచ్చే దారి



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే, నేను ఒక కంప్యూటర్ ప్రొఫెసర్ గురించి చెబుతానన్నాను. మీలో కొందరు నవ్వారు. నల్గొండ, పాలమూరు మండలాల్లో రేషన్ కార్డుల గొడవలూ, వలస కూలీల బకాయిల గొడవలూ రోజూ చూసే మీకు ఆయనతో ఏం పని అనిపించడం సహజమే. పని ఉంది.

ఆయన పేరు కొసరాజు సాంబశివరావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో పై చదువు, 1969లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్. తర్వాత జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1995లో ఏసీఎం ఫెలో అయ్యారు. జాబితా ఇక్కడ ఆపుతాను. మగవాళ్ల విషయంలో ఇలాంటి జాబితాలు ఎప్పుడూ పొడుగ్గానే ఉంటాయి.

ఆయనకు పేరు తెచ్చిన పని ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇక్కడి నుంచి అక్కడికి చేరగలమా, చేరితే తిరిగి రాగలమా? వాళ్ల భాషలో గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు. గీతకు బాణం గుర్తు పెడితే దిశ వస్తుంది.

పాలమూరు కూలీల సంగతే తీసుకోండి. కంపెనీ నుంచి కాంట్రాక్టరుకు, అతని నుంచి గుంపు మేస్త్రీకి, మేస్త్రీ నుంచి తండాలోని ఆడమనిషికి అడ్వాన్సు చేరుతుంది. కూలి ఎగ్గొడితే ఆమె మేస్త్రీ ఇంటి దాకా పోగలదు. కంపెనీ పేరు కూడా ఆమెకు తెలియదు. అంటే మేస్త్రీకీ ఆమెకూ మధ్య రాకపోకలున్నాయి, కంపెనీకీ ఆమెకూ లేవు. ఇలా రెండువైపులా రాకపోకలున్న చుక్కలను గుంపులుగా విడదీసి చూపేదే కొసరాజు గారి పద్ధతి. మొదట బాణాల వెంట నడవాలి. ఇక ముందుకు పోవడానికి ఏమీ మిగలని చుక్కను వరసగా రాసుకుంటూ వెనక్కి రావాలి. తర్వాత బాణాలన్నిటినీ తిప్పేసి, చివర రాసుకున్న చుక్కతో మొదలుపెట్టి మళ్లీ నడవాలి. ఒక్కో విడతలో కొత్తగా చేరినవి ఒక్కో గుంపు. లక్షల చుక్కలున్నా ఈ రెండు నడకలు చాలు. టార్జన్ 1972లోనే ఒక్క నడకలో ఈ పని చేసి చూపాడు గాని, అది నల్లబల్ల మీద చెప్పడం ఇంత సులువు కాదు.

సమాజశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నన్ను పట్టుకున్నది మరొకటి. ఆయన ఈ పద్ధతిని 1978లో చెప్పారే గాని అచ్చు వేయలేదు. మీఖా షరీర్ విడిగా తనంతట తాను కనుక్కొని 1981లో ప్రచురించాడు. ఆహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ 1983 నాటి తమ పాఠ్యపుస్తకంలో ఇద్దరి పేర్లూ చెప్పారు. ఈనాటి విద్యార్థులు దాన్ని ఎక్కువగా కొసరాజు ఆల్గారిథమ్ అనే పిలుస్తారు. అచ్చుకాని పనికి పేరెలా దక్కింది? ఆయన మాట ఎవరికి చేరిందో వాళ్ల నుంచి తిరిగి ఆయన దాకా దారి ఉంది కాబట్టి. ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మన మంత్రసానులూ, విత్తనాలు దాచే అవ్వలూ కూడా తమకు తెలిసింది నోటితోనే చెప్పారు. ఆ జ్ఞానం విశ్వవిద్యాలయాల దాకా పోయింది. అక్కడి థీసిస్‌లలో వాళ్లు ‘ఒక సమాచారదాత’గా మిగిలారు.

ఇప్పుడు రేషన్ కార్డు. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అని ఒక కంప్యూటర్ వ్యవస్థ పెట్టి, వేరువేరు శాఖల రికార్డుల్లోని పేర్లనూ చిరునామాలనూ జతచేసింది. కొసరాజు గారి పద్ధతి వేరు, ఇది వేరు. కానీ ఇక్కడ కూడా ఉన్నవి చుక్కలూ గీతలే. పేర్లు దగ్గరగా ఉంటే ఎవరిదో కారు ఈమె భర్త కారైపోతుంది. హైదరాబాద్‌లో ఒక వితంతువుకు ఇలాగే జరిగిందని 2024లో పత్రికల్లో వచ్చింది. కంప్యూటర్ జల్లెడలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం 13వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండిన పెద్ద ఆడమనిషే కార్డుకు ఇంటి యజమాని. అలాంటిది భర్త పేరు మీద గీసిన ఒక తప్పు గీత ఆమె బియ్యాన్ని ఆపగలిగింది. ఆమె వివరాలు ఆఫీసుకు చేరాయి. ఆఫీసు కారణం ఆమెకు చేరలేదు.

అందుకని మీ మండలంలో కార్డు పోయిన ఒక్కొక్కరి తరఫునా సమాచార హక్కు కింద అడగండి: ఏ శాఖ రికార్డులోని ఏ పేరుతో ఈమెను కలిపారు? ఇంటికొచ్చి చూసిన అధికారి ఎవరు? 30 రోజుల్లో జవాబు రావాలి. ఆహార భద్రతా చట్టం 15వ సెక్షన్ కింద జిల్లాలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. జవాబు రాకపోయినా ఆయన దగ్గరికి పోవచ్చు. దరఖాస్తు నమూనా వెనక బెంచీ మీద ఉంది. చదవడం రాని అక్కలకు పక్కవాళ్లు చదివి వినిపించండి.