పూతనాటి బేరము



మన పాకాల ప్రాంతమున మామిడితోట గల పెద్దలకు పూతనాటి బేరమననేమో నేను చెప్పనక్కరలేదు. చెట్లు పూతపట్టగనే వ్యాపారి వచ్చును. తోట చుట్టివచ్చి, చెట్టు చెట్టునకు తలయెత్తి చూచి, ఇన్ని టన్నులు దిగునని మనస్సులో లెక్కవేసికొని గుత్త మాటలాడును. ఆ పిమ్మట మంచు కురియవచ్చును. తేనెమంచు పురుగు తగులవచ్చును. వేసవిగాలికి పిందె రాలవచ్చును. పూతనాడు ఊహించిన కాయకును, దామలచెరువు మండీలో కాటాపైకి వచ్చిన కాయకును గల దూరము మీకు తెలిసినదే.

నేడు నేను మాటలాడబూనినది మామిడిని గూర్చి కాదు. ఆటలాడు బాలురను గూర్చి. ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలను వరుసగా నిలిపి, వీడు మొదటివాడు, వీడు పదవవాడు, వీడు మున్ముందు దేశమునకు ఆడగలవాడు అని పట్టీలు వ్రాయుట పరిపాటియైనది. ఆ పట్టీలు ఎంతవరకు నిజమగును? నేను చాల యేండ్లు వ్యాయామోపాధ్యాయుడనై యుండి అట్టి పట్టీలు స్వయముగా వ్రాసినవాడను. కావున దీనిని గూర్చి పలుకుటకు నాకు కొంత హక్కును, కొంత సిగ్గును గలవు.

పట్టీలు వట్టి బూటకమనువారితో నేను ఏకీభవింపను. విశాఖపట్టణపు బాలుడు నితీశ్‌కుమార్ రెడ్డి 2017-18లో, పదునారేండ్లలోపువారి విజయ్ మర్చంట్ పోటీలలో 1,237 పరుగులు తీసెను. అందు నాగాలాండ్ జట్టుపై ఒక్క ఇన్నింగ్సునందే 441. ఆనాడు వానిని మెచ్చినవారి మాట 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ నగరమున ఆస్ట్రేలియాపై తీసిన 114 పరుగులతో నిలిచినది.

ఇక గుంటూరున పుట్టిన అంబటి రాయుడు. 2002లో ఇంగ్లండునందలి టాంటన్ మైదానమున, పదునారేండ్ల వయస్సున, 177 పరుగులు తీసి ఓటమిలేక నిలిచెను. 2004లో పందొమ్మిదేండ్లలోపువారి ప్రపంచకప్పునకు మన జట్టు నాయకుడాయెను. రేపో మాపో పెద్దల జట్టున చేరునని అందరును అనిరి. చేరినది 2013లో. టెస్టు ఆట ఒక్కటియు ఆడలేదు. ఆడిన 55 వన్‌డేలలో సగటు 47 పరుగులు. అది సామాన్యుని లెక్క కాదు. కనుక చూచినవారి కన్ను తప్పలేదు. కాని 2007లో క్రికెట్ బోర్డు అంగీకరింపని లీగున చేరుటయు, మరల వెనుకకు వచ్చుటయు, ఆ నడుమ పోయిన యేండ్లును పదునారేండ్లనాటి పట్టీలో ఎవరు వ్రాయగలరు?

అమెరికాలో బేస్‌బాల్ అను కర్రబంతియాట కలదు. అచట ఏటేట వృత్తిజట్లు యువకులను వరుసగా పిలిచి ఎంచుకొనును. 1991లో అందరికన్న ముందు పిలువబడిన బ్రయన్ టేలర్ అను పాఠశాల బాలుడు, భుజము దెబ్బతిని, పై లీగున ఒక్కనాడును ఆడలేదు. 1988లో 1,390వ వాడుగా పిలువబడిన మైక్ పియాజాకు 2016లో ఆ ఆటయొక్క కీర్తిమందిరమున స్థానము లభించెను. అయినను అచటను ముందు పిలువబడినవారిలో పైకి వచ్చినవారు, వెనుకవారిలోకన్న ఎక్కువే.

మరి పట్టీ నిజమా, అబద్ధమా? పది తోటలు గుత్తకు పట్టిన వ్యాపారికి మూడు చెడినను ఏడు నిలిచి లెక్క సరిపోవును. ఒక్క తోట గలవానికి ఆ లెక్క అక్కరకు రాదు. జట్టువారు వందలమందిని చూతురు. వారికి పట్టీ మంచి పనిముట్టే. తండ్రికి ఉన్నది ఒక్క కొడుకు.

వయస్సు సంగతియు ఒకటి కలదు. సెప్టెంబరు 1వ తేదీని గడువుగా పెట్టిన పోటీలో, ఆ నెలలో పుట్టినవాడు మరుసటి ఆగస్టున పుట్టినవానికన్న పదునొకండు నెలలు పెద్ద. ఆ ప్రాయమున పదునొకండు నెలలన జానెడు ఎత్తు భేదముండవచ్చును. మనము ఎత్తును చూచి నేర్పు అనుకొందుము. పుట్టిన తేదీలనైన నమ్ముదమా అన్న, బడిలో చేర్చునాడు అయ్యవారు తోచినట్లు వ్రాసినవి మన యూళ్లలో ఎన్ని లేవు! అందుచేతనే మణికట్టు ఎముకను ఎక్స్‌రే తీసి వయస్సు కట్టు పద్ధతి వచ్చినది.

ఒక సంవత్సరము నేను ఎంపికకై పదునెనిమిదిమంది పేర్లు వరుసగా వ్రాసి పంపితిని. మొదటి పేరుగల పిల్లవాని తాత ఒక సాయంకాలము పాకాల జంక్షన్ వద్ద నన్ను నిలిపి, "అయ్యవారూ, మావోడు మొదటి నెంబరంట గదా. తోపు అమ్మేసి మదరాసుకు పంపించేదా?" అని అడిగెను. నా పట్టీపై నాకు అంత నమ్మకము. పంపుమంటిని. రెండేండ్లకు పిల్లవాడు మోచేయి చెడి తిరిగివచ్చెను. పదవ తరగతి పరీక్ష పోయినది, తోపు పరులదైనది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాటయు అనలేదు. ఎదురుపడినపుడు మునుపటివలెనే నమస్కరించెడివాడు. దానికే నేను దారి తప్పించుకొని పోయెడివాడను.

పదునెనిమిదవవాడు ఎడమచేతితో బంతి త్రిప్పెడి పిల్లవాడు. పొట్టివాడని కడపట వ్రాసితిని. ఎంపికచేయువారు పదునొకండవ పేరు దాటి చదువలేదు. మూడేండ్లలో వాడు నాకన్న పొడవు పెరిగెను. వాని విషయమున నా పట్టీ తప్పో ఒప్పో తేల్చుటకు ఎవ్వరును వానికి బంతి ఇయ్యలేదు. వాడిపుడు చిత్తూరు బెల్లపు మండీలో కాటా చూచుచున్నాడు. మొన్న కనబడి, కుశలమడిగి, నవ్వుచు, "అయ్యవారూ, ఆ పట్టీ ఇంకా మీ దగ్గిర ఉండాదా?" అనెను.

ఉన్నదంటిని. ఒకసారి తెచ్చి చూపుమనెను.