మే నెలను కూడా ప్రయోగంలో చేర్చండి

ఈరోజు పట్టాలందుకుంటున్న ఫార్మసీ విద్యార్థులకు మనసారా అభినందనలు.

మీకు బాగా తెలిసిన పని గురించే రెండు మాటలు చెబుతాను. కంట్లో వేసిన చుక్కమందు చాలావరకు నిమిషాల్లోనే కన్నీటితో కొట్టుకుపోతుంది. లోపలికి ఇంకేది సాధారణంగా ఐదు శాతంలోపే. ముక్కులో వేసిన మందును కూడా సూక్ష్మమైన రోమాలు గొంతువైపు నెట్టేస్తాయి. అందుకే చల్లగా ఉన్నప్పుడు నీళ్లలా జారి, ఒంటి వేడి తగలగానే గట్టిపడే జెల్ అవసరమైంది.

పోలోక్సమర్ 407 అలాంటి పాలిమరే. చల్లటి నీటిలో 18–20 శాతం కరిగించి వేడిచేస్తే, అణువుల్లో నీటికి గిట్టని భాగాలు దగ్గరకు చేరి మిసెల్స్ అవుతాయి. అవి కిక్కిరిసి జెల్ కడుతుంది. అయితే దానికి అంటుకునే గుణం తక్కువ. అందుకని రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ కలుపుతాం. దాని ధనావేశం శ్లేష్మంలోని మ్యూసిన్ అనే ప్రోటీన్ రుణావేశాన్ని పట్టుకుంటుంది.

ల్యాబులో ఈ పని ఓపికతో కూడుకున్నది. సీసాను వాటర్‌బాత్‌లో ఉంచి, ఒక్కో డిగ్రీ పెంచుతూ, వంచి చూడాలి. ద్రవం కదలడం మానిన చోట ఉష్ణోగ్రత రాసుకోవాలి. మేక ముక్కు పొరకు జెల్‌ను అంటించి, త్రాసు రెండో పళ్లెంలో బరువు పెంచుతూ ఎంతకు ఊడుతుందో చూడాలి. 32 డిగ్రీల దగ్గర గట్టిపడితే మంచి ఫలితమే.

కానీ మే నెలలో మన వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ మందు ఏజెన్సీ గ్రామానికి చేరేసరికి సీసాలోనే గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ కరుగుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ముసలమ్మ కంటికి ఏం వేస్తారు? బయటి వేడి ఒంటి వేడిని మించినచోట, వేడినే గుర్తుగా పెట్టుకున్న జెల్ మనిషిని గుర్తుపట్టలేదు. పాళ్లు ఎంత మార్చినా ఈ చిక్కు పూర్తిగా తీరదు.

అలాంటప్పుడు దారి మార్చాలి. కన్నీటిలోని లవణాలకు గట్టిపడే జెల్లాన్ గమ్‌ను గ్లకోమా చుక్కల్లో ఇప్పటికే వాడుతున్నారు. ముక్కుకైతే పొడిమందులున్నాయి. మందు ఎక్కడ పుట్టినా, అది పనిచేయాల్సింది రోగి ఇంట్లో.

1976లో ఏర్పడిన ఈ కాకతీయ విశ్వవిద్యాలయానికి చుట్టుపక్కల పల్లెల నుంచే ఎందరో విద్యార్థులు వచ్చారు. ఆ పల్లెల ఎండ, కరెంటు కోతలు, బస్సు ప్రయాణాలు మీకు తెలుసు. ఆ తెలివిడిని డిగ్రీతోపాటు వెంట తీసుకెళ్లండి. రేపు మీరు ఏ కంపెనీలో చేరినా, ఏ మందు రూపొందించినా, మన ఊరి మే నెల మధ్యాహ్నాన్ని ఒక పరీక్షగా పెట్టండి. అందులో నెగ్గాకే దాన్ని రోగి చేతికి ఇవ్వండి.