స్టెంట్ వేశాక మంచానికే పరిమితం కావొద్దు: నడక ఎలా మొదలుపెట్టాలి?

(ఆరోగ్యశ్రీ గుండె చికిత్స లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

స్టెంట్ పడ్డవాళ్లు, బైపాస్ అయినవాళ్లు ఇక్కడ ఉన్నారు. మీతో వచ్చిన ఇంటివాళ్లు కూడా బాగా వినాలి. పేషెంటు లేచి వాకిట్లోకి వస్తే చాలు, "అయ్యో, గుండె ఆపరేషన్ అయిన మనిషివి, కూర్చో" అని ఆపేది మీరే కదా!

స్టెంట్ అడ్డు ఉన్న ఆ ఒక్కచోట దారి తెరిచింది, అంతే. కొవ్వు పేరుకునే గుణం మిగతా రక్తనాళాల్లో అలాగే ఉంటుంది. దానికి మందులు, నడక రెండూ కావాలి. పద్ధతిగా వ్యాయామం చేసే గుండె రోగులకు మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం, గుండె జబ్బుతో మరణించే ప్రమాదం తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కారణం సులువే. రోజూ నడిచేవారికి అదే పని చేసేటప్పుడు గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది, బీపీ కూడా తక్కువ పెరుగుతుంది. అంటే గుండెకు ఆక్సిజన్ తక్కువ సరిపోతుంది. మునుపు పది మెట్లకే ఛాతీ పట్టేసినవారు ఇరవై మెట్లు ఎక్కగలుగుతారు.

ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి రోజే డాక్టరుగారిని అడగండి. గుండె పంపింగ్ తక్కువ ఉన్నవారు, ఇంకా బ్లాకులు మిగిలి ఉన్నవారు, గుండె దడ వచ్చేవారు పరీక్ష చేయించుకోకుండా సొంతంగా మొదలుపెట్టొద్దు. మిగతావాళ్లు డాక్టరు సరే అన్నాక చదునైన నేల మీద ఐదు పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు నడవండి. నాలుగు రోజులకోసారి రెండు నిమిషాలు పెంచుతూ పోండి. చివరికి రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 150 నిమిషాలకు చేరాలి. మొదటి ఐదు నిమిషాలు, ఆఖరి ఐదు నిమిషాలు మెల్లగా నడవాలి. ఒక్కసారిగా ఆగిపోతే కళ్లు తిరగొచ్చు.

ఎంత వేగం? పక్కన నడిచేవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట కూడా రాకపోతే వేగం తగ్గించండి. నాడి లెక్క చూసుకుంటామంటారు కొందరు. మీలో చాలామందికి నాడిని తగ్గించే మాత్రలు ఇస్తాం కాబట్టి ఆ లెక్క సరిగా తేలదు. మాట పరీక్షే నయం.

"నేను పొలం పని చేస్తా కదా, మళ్లీ నడకెందుకు?" అని ప్రతి ఊళ్లో అడుగుతారు. బస్తా ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అది వేరు, ఒకే తీరుగా సాగే నడక వేరు. బైపాస్ అయినవారికి ఛాతీ ఎముక అతకడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా బిందె, బస్తా, గ్యాస్ సిలిండర్ ముట్టుకోవద్దు. అమ్మలూ, ఇంట్లో రోజంతా తిరిగిన తిరుగుడును కూడా నడక లెక్కలో వేయకండి. ఆ అరగంట మీ కోసం విడిగా ఉండాలి. ఇంటివాళ్లు వంటపని కాస్త పంచుకుంటే అదేం పెద్ద విషయం కాదు.

తిన్న వెంటనే, మిట్టమధ్యాహ్నం ఎండలో, జ్వరం ఉన్నప్పుడు నడవొద్దు. నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో నొప్పి, చల్లని చెమట, విపరీతమైన ఆయాసం వస్తే అక్కడే కూర్చోండి. ఇల్లు చేరాక చూద్దామనుకోవద్దు. డాక్టరు రాసిచ్చి ఉంటే నాలుక కింద మాత్ర పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయించండి. ఒంటరిగా నడిచేవారు ఫోను, ఆ మాత్ర జేబులో లేకుండా గడప దాటొద్దు.

ఇంకో మాట. నడుస్తున్నాం కదా అని మందులు ఆపేసేవారున్నారు. స్టెంట్ పడ్డవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. డబ్బుల ఇబ్బంది వల్ల ఆపాల్సి వస్తుంటే ముందు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. మీ చికిత్సకు ఫాలో-అప్ కింద మందులు, పరీక్షలు ఏవి వస్తాయో, ఎన్నాళ్లు వస్తాయో వారే చెబుతారు.

ఫాలో-అప్‌కు వచ్చేటప్పుడు కార్డు, డిశ్చార్జి కాగితంతోపాటు రోజుకెన్ని నిమిషాలు నడిచారో రాసి తెండి. రాయడం రాకపోతే క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గీత పెట్టి, ఆ కాగితమే చింపుకొని తెచ్చినా సరే.